ముందు మీ సింగర్‌కి చెప్పు

ఒరేయ్ హర్షా,

మీ ముగ్గురి కొత్త సైడ్ ప్రాజెక్టుదని నువ్వు పంపిన పదకొండు నిమిషాల రికార్డింగు రెండుసార్లు విన్నాను. మొదటి నాలుగు నిమిషాలు నిజంగా బాగుంది. ఆ తర్వాత ఎవరు ముందు ఆపుతారా అని ముగ్గురూ ఎదురుచూస్తున్నట్టు అనిపించింది. మీ పిన్ని వంటింట్లోంచి వచ్చి "ఫ్రిజ్ పాడైందా?" అని అడిగింది. దాన్ని పొగడ్త కింద రాసుకో.

గిటార్ శబ్దాన్ని మార్చే పెడల్స్ ఏవి కొనాలి అని అడిగావు. దానికి తర్వాత వస్తాను. వేగంగా, గట్టిగా వాయించే మీ హార్డ్‌కోర్ పంక్ బ్యాండులో ఉన్నది నలుగురు. ప్రయోగాలు చేసే ఈ ఆర్ట్ రాక్ సైడ్ ప్రాజెక్టులో ఉన్నది, మీ సింగర్ కాకుండా, ముగ్గురు. మరి అతనికి ఈ సంగతి చెప్పారా? మీరు షోలు చేసే న్యూ బ్రన్స్‌విక్ ఇళ్ళ బేస్‌మెంట్లలో ఏ మాటా వారం రోజులు దాగదు. వేరేవాళ్ళ నోట వినకముందే నువ్వే వెళ్ళి చెప్పు. మెసేజ్ పెట్టడం కాదు, ఎదురుగా కూర్చుని చెప్పు.

ఎందుకింత గట్టిగా అంటున్నానంటే, 1989లో మేం చేసిన నిర్వాకం అదే. మా డ్రమ్మర్‌కి తెలియకుండా ముగ్గురం ఒక గ్యారేజీలో ఆరు వారాలు ప్రాక్టీసు చేశాం. ఒకరోజు అతను మా అపార్ట్‌మెంట్‌కి వచ్చి, తన సింబల్ స్టాండు అడిగి తీసుకుని వెళ్ళిపోయాడు. పల్లెత్తు మాట అనలేదు. అసలు బ్యాండు పోయింది, కొత్తది రెండు షోలకే ఆగిపోయింది.

పేరు సంగతి. మీ బ్యాండు పేరుకే ఏదో తోక తగిలించి వాడదామన్నావు, వద్దు. 1984లో బ్లాక్ ఫ్లాగ్ అనే హార్డ్‌కోర్ బ్యాండు 'మై వార్' ఆల్బమ్ రెండోవైపు మూడే పాటలు పెట్టింది. ఒక్కొక్కటి ఆరు నిమిషాలు దాటి, ఈడ్చుకుంటూ నడుస్తాయి. వేగం కోసం వచ్చినవాళ్ళలో చాలామందికి అది మింగుడుపడలేదు. పాత పేరు చూసి వచ్చినవాళ్ళు ముందు వరుసలో గెంతడానికి సిద్ధంగా నిలబడతారు, వాళ్ళని తప్పుపట్టలేం. అదే నేను కాలేజ్ పార్క్‌లో చదువుకునే రోజుల్లో, పక్కనే వాషింగ్టన్‌లో, రైట్స్ ఆఫ్ స్ప్రింగ్ అనే బ్యాండు ఆగిపోయాక అందులోని ఆ నలుగురే 1987లో హ్యాపీ గో లికీ అని వేరే పేరుతో మళ్ళీ కలిశారు. మనుషులు వాళ్ళే, సంగీతం వేరు. తిరిగి తిరిగి మోగే టేపు ముక్కలు (లూపులు), అప్పటికప్పుడు పుట్టే వాయింపు. స్టూడియో గడప తొక్కలేదు. ఇవాళ మనకి దొరికేవి షోలలో తీసిన టేపులే. అవి ఇప్పటికీ కారులో పెట్టుకుంటాను, పిన్ని లేనప్పుడు.

కాబట్టి ఆల్బమ్ గురించి ఇప్పుడే టెన్షన్ పడకు. వాషింగ్టన్ హార్డ్‌కోర్ బ్యాండు మైనర్ థ్రెట్ 1983లో విడిపోయింది. అందులోని సింగర్ మెకై, డ్రమ్మర్ నెల్సన్ 1986లో లండన్‌లో ఎగ్ హంట్ పేరుతో రెండు పాటలు రికార్డు చేశారు. ఒక్క సింగిల్, అంతే. రెండు పాటలతో అయిపోతే అయిపోనీ.

మీ బ్యాండు షోలోనే ముందు ఇది వాయిద్దామన్న ఐడియా నాకంత నచ్చలేదు. బ్లాక్ ఫ్లాగ్ గిటారిస్టు గ్రెగ్ గిన్ ఆ పని చేశాడు. 1986 టూర్‌లో పాట లేకుండా వాయిద్యాలే ఉండే తన ఇంకో బ్యాండు గాన్‌తో ముందు ఒకసారి, మళ్ళీ బ్లాక్ ఫ్లాగ్‌తో ఇంకోసారి, రోజూ రెండుసార్లు స్టేజీ ఎక్కాడు. ఆ ఏడాదే బ్లాక్ ఫ్లాగ్ ఆగిపోయింది. దానికి కారణం ఇదేనని నేననను. కానీ నీ చేతులు, మీ డ్రమ్మర్ భుజాలు ఒక రాత్రికి ఎంత మోయగలవో ఆలోచించు.

ఇక వాయింపు. వేగంగా వాయిస్తే తప్పు చప్పుడులో కలిసిపోతుంది. మీకు ఇన్నాళ్ళూ అదే అలవాటు. నెమ్మదిగా వాయిస్తే రెండో తీగ కొంచెం శ్రుతి తప్పినా గదంతా వినిపిస్తుంది. నీ రికార్డింగులో ఆరో నిమిషం దగ్గర విను, తెలుస్తుంది. వారానికి ఒక ప్రాక్టీసులో గిటార్‌ని గరగరలాడించే డిస్టార్షన్ పూర్తిగా ఆపేసి వాయించండి. మొదట్లో చిరాగ్గా ఉంటుంది.

లూపు వాడుతున్నారుగా, అది మీ కోసం ఆగదు, మీరే దాని వెంట నడవాలి. మీ డ్రమ్మర్‌కి లూపు సరిగ్గా వినిపించడం లేదు, అందుకే ఐదో నిమిషం నుంచి జారిపోతున్నాడు. పాపం అతన్ని తిట్టకండి, హెడ్‌ఫోన్స్ ఇవ్వండి. పెడల్స్‌కి వస్తే, వాయించినదాన్ని కాస్త ఆగి మళ్ళీ వినిపించే డిలే ఒక్కటి చాలు. మిగతా డబ్బుతో అంటించిన వస్తువు కంపనాన్ని పట్టుకునే పీజో కాంటాక్ట్ మైకులు నాలుగు కొని రేకు ముక్కకో, పాత హీటర్ డొక్కుకో అంటించి చూడండి. ఒక్కోటి కొద్ది డాలర్లే. పాడైనా ఏడవక్కర్లేదు. ప్రతి ప్రాక్టీసూ రికార్డు చేసి, రెండు రోజులు ఆగి వినండి. అదే రాత్రి వింటే అంతా అద్భుతంగానే ఉంటుంది.

ఏ వస్తువు ఎవరి డబ్బుతో కొన్నారో ఒక కాగితం మీద రాసుకోండి. నవ్వకు. ఆ సింబల్ స్టాండు నాకింకా గుర్తుంది.

నెలాఖరుకి సిల్వర్ స్ప్రింగ్‌లో మా ఇంటికి వస్తానన్నావు. నాలుగు ట్రాకులు విడివిడిగా రికార్డు చేసే నా క్యాసెట్ ఫోర్-ట్రాక్ మెషీను అటక మీద ఉంది, తీసుకెళ్ళు. మూడో ట్రాక్ పనిచేయదు, మిగతావి బాగానే ఉన్నాయి. ఈలోగా మీ సింగర్‌కి ఏం చెప్పావో, అతనేమన్నాడో ఫోన్ చేసి చెప్పు.

మీ బాబాయ్