గాయపడిన అడవి జంతువును కాల్చి చంపడం దయ ఎలా అవుతుంది? వైద్యం చేయించవచ్చు కదా?

ఆ రెండో మాట నేనూ అన్నాను. 2022 నవంబర్‌లో, స్కాట్లండ్ కొండల్లో, మోకాళ్ల దాకా బురదలో నిలబడి. నాకు వచ్చిన జవాబు: "సరే, ముందు వెళ్లి పట్టుకుని రా."

నేను వేటగాణ్ణి కాదు. తుపాకి లైసెన్సు లేదు, ఆ రెండు రోజుల్లో తుపాకిని ముట్టుకోను కూడా లేదు. స్కాట్లండ్‌లోనే ఇన్వర్‌నెస్ అనే ఊళ్లో అకౌంట్స్ ఉద్యోగం. మా క్లయింట్లలో వెస్టర్ రాస్ అనే కొండ ప్రాంతం వైపు ఒక ఎస్టేట్ ఉంది, అంటే ఒకరి సొంత కొండభూమి, పేరు అనవసరం. ఆ సీజన్‌లో ఎన్ని జింకలు కాల్చారు, ఎన్ని కిలోల మాంసం డీలర్‌కి వెళ్లింది అన్న కాగితాలు నా టేబుల్ మీదకి వస్తాయి. మూడేళ్లు ఆ అంకెలు చూశాక ఒకసారి కొండెక్కి చూడాలనిపించింది. అక్కడి స్టాకర్‌ని అడిగితే "రా, కానీ మాట్లాడకూడదు" అన్నాడు. అరవై దాటిన మనిషి. స్టాకర్ అంటే అమ్మాయిల వెంట పడేవాడు కాదు, జింకల వెంట పాకేవాడు. అక్కడ అదొక జీతమున్న ఉద్యోగం. ఈ తేడా నెల్లూరులో ఉన్న మా అత్తగారికి ఫోన్‌లో చెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

అసలు జింకల్ని ఎందుకు కాలుస్తారని అడిగేవాళ్లకి ఒక్క ముక్క. ఆ దేశంలో తోడేళ్లు అంతరించి రెండున్నర శతాబ్దాలు దాటింది. జింకల్ని తినే పెద్ద జంతువు లేదు, అవి పెరిగిపోయాయి, మొలిచిన ప్రతి పైన్ మొక్కనీ కొరికేస్తాయి. కాబట్టి తోడేలు పని మనిషి చేస్తున్నాడు. ఇందులో నాకు పెద్దగా చర్చ కనపడదు.

మేం వెళ్లింది ఆడవాటి కోసం. వాటి సీజన్ అక్టోబర్ 21న మొదలై ఫిబ్రవరి 15 దాకా ఉంటుంది. మగవాటి సీజన్ అప్పట్లో అక్టోబర్ 20తో ముగిసేది (2023లో ఆ నిషేధకాలం ఎత్తేశారు). అంటే మేం వెళ్లిన రోజుల్లో మగదాన్ని కాల్చకూడదు. కానీ ముందురోజు కొండ నడకకి వచ్చిన ఎవరో మూడు కాళ్ల మీద కుంటుతున్న మగ జింకని వాగు దగ్గర చూశామని చెప్పారట. గాయపడి బాధపడుతున్నదాన్ని ఏ కాలంలోనైనా చంపవచ్చని అక్కడి 1996 జింకల చట్టంలో మినహాయింపు ఉంది. మన 1972 వన్యప్రాణి చట్టంలోనూ కోలుకోలేనంతగా దెబ్బతిన్న జంతువు విషయంలో అనుమతి ఇచ్చే సెక్షన్ ఉంది. ఈ సంగతి తెలియకుండానే మనవాళ్లు "ఇండియాలో అయితే జైలే" అని తీర్పులు చెప్పేస్తుంటారు.

ఉదయం తొమ్మిదిన్నరకి కనిపించింది. ఎర్ర దుప్పి అందాం. మన చుక్కల దుప్పి కాదు, ఒంటి మీద చుక్కలుండవు, కణితి జింక కన్నా చిన్నది. ఎడమ ముందుకాలు మోకాలి పైన విరిగింది. అడుగు వేసినప్పుడల్లా ఆ కాలు ఎవరిదో అన్నట్టు పక్కకి ఊగుతోంది. కొమ్ములు మాత్రం చెక్కుచెదరలేదు, పది కొనలు లెక్కపెట్టాను.

అప్పుడే నేను డాక్టరు మాట ఎత్తాను. ఆయన వెటకారం అయ్యాక అసలు సంగతి చెప్పాడు. జింకని పట్టుకుంటేనే భయానికి దాని కండరాలు పాడైపోవచ్చు. గాయంతో చావకపోయినా పట్టుకోవడం వల్ల చావొచ్చు. మన జూలలో పనిచేసిన పశువైద్యుల్ని అడగండి, జింకల విషయంలో వాళ్లూ ఇదే చెబుతారు. ఇక అది బతికి బట్టకడుతుందా అంటే, మూడు కాళ్లతో ఏళ్ల తరబడి తిరిగిన ఆడవాటిని తాను చూశానన్నాడు. కానీ ఇది మగది. జతకట్టే కాలం అప్పుడే ముగిసింది. ఆ వారాల్లో మగవి సరిగ్గా మేయవు, అరుచుకుంటూ కొట్లాడుకుంటూ ఒంట్లో కొవ్వంతా కరగదీసుకుంటాయి. ముందేమో చలికాలం. "జనవరి దాకా పడుతుంది, మెల్లగా" అన్నాడు. చావడానికి అని మళ్లీ చెప్పలేదు.

దూరం మూడు వందల మీటర్లు ఉంటుంది. నేను గుసగుసగా "కొట్టేయండి" అన్నాను. అవును, ఐదు నిమిషాల ముందు వైద్యం అడిగిన నేనే. ఆయన తల అడ్డంగా ఊపాడు. దుప్పి మాకు వీపు పెట్టి నిలబడింది. గాలి విసురు విసురుగా వస్తోంది. ఇంకాస్త దగ్గరికి పాకాలని చూశాం. ఇంతలో గాలి కొండ మలుపులో సుడి తిరిగి మా మెడ వెనక చల్లగా తగిలింది. అంతే. దుప్పి తలెత్తింది, ముక్కు మా వైపు తిప్పింది, మూడు కాళ్ల మీద కొండెక్కి పోయింది. నాలుగు కాళ్లున్నదానిలాగే పోయింది.

నాకు ఒళ్లు మండింది. ఎందుకు కాల్చలేదని అడిగాను. "దానికి ఇప్పటికే ఒక గాయం ఉంది. రెండోది నేను పెట్టను" అన్నాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు అని మనం అనే మాటే, అది ఆయన దగ్గర రూలు. గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు కనపడాలి, పక్కకి తిరిగి నిలబడాలి, వెనక మట్టి గట్టు ఉండాలి. లేకపోతే ఇంటికి పోవడమే. చప్పుడు విని బాణం వేసిన దశరథుడి కథ ఆయనకి చెబుదామనుకున్నాను, మాట్లాడొద్దన్నాడు కదా అని ఊరుకున్నాను. నన్నడిగితే జంతువుల మీద జరిగే క్రూరత్వంలో సగం తొందరపాటు వల్లే జరుగుతుంది. లెక్కలు చూపించమంటే నా దగ్గర లేవు, కానీ నా మాట నిజం.

ఆ రాత్రి అంతా వాన. నూట ఇరవై పౌండ్లు పెట్టి కొన్న నా వాటర్‌ప్రూఫ్ జాకెట్ లోపలి నుంచి పిండితే నీళ్లొచ్చాయి. వాపసు ఇస్తే "వాష్ చేసేటప్పుడు పొర పోయింది, మీ తప్పే" అన్నారు. అప్పటికి ఒక్కసారి కూడా ఉతకలేదు. సరే, అది ఇంకో కథ.

రెండో రోజు గాలి పడమర నుంచి నిలకడగా ఉంది. ఆయన చిటికెడు ఎండుగడ్డి వదిలి చూసి, కొండ చుట్టూ గంటన్నర నడిపించాడు. చివరి రెండు వందల మీటర్లు వాగులో పాకాం. అక్కడి నేల నల్లటి పీట్ మట్టి, తడి స్పంజిలా ఉంటుంది. మోచెయ్యి ఆనిస్తే చల్లటి నీళ్లు చొక్కా చేతిలోంచి చంక దాకా ఎక్కుతాయి. సగం దారిలో ఒక ముసలి ఆడ జింక మేస్తూ అడ్డమొచ్చింది. ఈ ఆడవే కాపలా. అది మొరిగిందంటే కొండ మొత్తం ఖాళీ. అది దానంతట అది పక్కకి పోయేదాకా నలభై నిమిషాలు బోర్లా పడుకున్నాం. నా ముక్కు కారుతోంది, తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తకూడదు.

గట్టు మీద నుంచి చూస్తే దుప్పి నూట పది మీటర్లలో, గాలి తగలని పల్లంలో పడుకుని ఉంది. పడుకున్నదాన్ని కాల్చడు. లేపడానికి చప్పుడు కూడా చేయడు. లేచేదాకా చూడాలి. బైనాక్యులర్లో దాని ముక్కు నుంచి ఆవిరి కనపడుతోంది. మధ్యమధ్య మెడ తిప్పి ఆ కాలిని నాకుతోంది, ఆగుతోంది, మళ్లీ నాకుతోంది. యాభై నిమిషాలు. నవంబర్‌లో అక్కడ నాలుగింటికే పొద్దు గుంకుతుంది. టైమ్ రెండుంపావు. నాకు టెన్షన్, ఆయనకి లేదు.

చివరికి లేవబోయింది. జింకలు ముందు వెనక భాగం ఎత్తుతాయి, తర్వాత ముందుకాళ్లు. దీనికి ముందుకాలు ఒక్కటే. నడుము లేచింది, ముందుకి తూలి మోకాలి మీద పడింది. రెండోసారీ అంతే. మూడోసారి నిలబడి, ఊపిరి తీసుకుంటూ కాస్త పక్కకి తిరిగింది. తుపాకి చప్పుడు నేననుకున్నంత లేదు, సైలెన్సర్ ఉంది. తర్వాత తడి పరుపు మీద కర్రతో కొట్టినట్టు ఒక దెబ్బ వినపడింది. ఇరవై అడుగులు పరిగెత్తి పొదల్లో కూలింది.

నేను లేవబోతే భుజం మీద చెయ్యి వేసి నొక్కాడు. ఇంకో తూటా ఎక్కించి, వాచీ చూసుకుంటూ పది నిమిషాలు దాన్నే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత వెనక వైపు నుంచి వెళ్లి కర్ర కొసతో కన్ను తాకాడు. రెప్ప కదల్లేదు. అప్పుడు తూటా తీసేశాడు.

కారు గుద్ది ఉంటుందని ముందురోజు ఆయన అనుకున్నాడు. కాదు. విరిగినచోట మాంసంలోకి దిగి కంచె తీగ ఉంది, రెండు చుట్లు. చుట్టూ చీము, ఆ వాసన నాకు వారం రోజులు పోలేదు. జింకలు మొక్కలు తినకుండా వేసిన కంచె. కొత్తది వేసినప్పుడు పాత తీగ అక్కడే పొదల్లో వదిలేస్తారు. ఆయన కటింగ్ ప్లయర్‌తో తీగ కత్తిరించి జేబులో వేసుకున్నాడు, ఏమీ అనలేదు. మాంసం డీలర్‌కి పనికిరాదని నీళ్లకి దూరంగా లాగి అక్కడే వదిలాం. సాయంత్రానికే బొంతకాకులు దిగాయి. ఇన్వర్‌నెస్ తెలుగు వాట్సాప్ గ్రూప్‌లో మాత్రం "నాకో రెండు కిలోలు" అని పదకొండు మెసేజ్‌లు. అందులో ఇద్దరు కార్తీక మాసమని నాన్‌వెజ్ మానేసినవాళ్లు, ఫ్రీజర్లో పెట్టుకుంటారట.

మన ఊళ్లల్లోనూ అంతే చూడండి. తుపాకి పేరెత్తితే పాపం అంటారు. అడవి పందుల కోసం చేనుగట్టు మీద కరెంటు తీగ పెట్టేవాణ్ణి, ఉచ్చు వేసేవాణ్ణి ఎవరూ ఏమీ అనరు. దానికి గేదె చచ్చినా, పక్క చేను రైతు చచ్చినా, నాలుగు రోజులు మాట్లాడుకుని వదిలేస్తారు. నాకు ఈ ప్రశ్నలో కాల్చినవాడి కంటే తీగ వదిలేసినవాడి సంగతే ఎక్కువ గుర్తొస్తుంది.

మరుసటి మార్చిలో ఎస్టేట్ బిల్లుల్లో కంచెది వచ్చింది. కిలోమీటరున్నర కొత్త తీగ, స్తంభాలు, కూలీ. ఫోన్ చేసి పాత తీగ తీయించారా అని అడిగాను. దానికి ఈ ఏడాది బడ్జెట్ పెట్టలేదన్నారు.