బీఎఫ్‌ఏనా, బీడిజైనా? గోడ బొమ్మల కుర్రవాడి తల్లికి జవాబు

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతున్నాడు. వేసవిలో స్నేహితులతో కలిసి మా కాలనీ పార్కు గోడకు బొమ్మలు వేసినప్పటి నుంచి బీఎఫ్‌ఏ (లలిత కళల డిగ్రీ) చేస్తానంటున్నాడు. కనీసం యానిమేషన్‌లో బీడిజైన్ అయినా చేయమని మేమంటున్నాం. రెంటిలో ఏది మేలు? గోడలకు రంగులు వేసుకుని బతకగలడా? – ఒక తల్లి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: అమ్మా, మీరు రెండు కోర్సుల మధ్య పోలిక అడిగారు గానీ, మీ అసలు బాధ చివరి వాక్యంలో ఉంది. ఇలాంటి ఉత్తరాలు నాకు ఏటా వస్తాయి. పిల్లవాడు ఎలా బతుకుతాడన్న బెంగ సగమైతే, నలుగురికీ ఏమని చెప్పుకోవాలన్నది మిగతా సగం.

మొదటి బెంగకు ఈ ఊళ్లో కారణం లేకపోలేదు. గాంధీనగర్ సినిమా పంపిణీ కార్యాలయాలను నమ్ముకుని బ్యానర్లు, కటౌట్లు చేత్తో గీసి ఇల్లు నడుపుకున్న చిత్రకారులకు, ఫ్లెక్సీ వచ్చిన కొన్నేళ్లకే పని లేకుండా పోయింది. అయితే గోడ బొమ్మ సంగతి వేరు. 2016 కృష్ణా పుష్కరాలకు మన నగరంలో గోడలు చిత్రాలతో నిండడం మీరూ చూసే ఉంటారు. నగరాల పరిశుభ్రతకు ర్యాంకులిచ్చే స్వచ్ఛ సర్వేక్షణ్ పోటీలు మొదలయ్యాక పురపాలక సంస్థలు తరచుగా ఈ పని చేయిస్తున్నాయి. ఢిల్లీలోని లోధీ కాలనీలో ప్రభుత్వోద్యోగుల నివాసాల గోడలను చూడటానికే జనం వెళుతున్నారు.

నా సందేహాలు కూడా దాచను. పురపాలక పని అన్ని నెలల్లోనూ ఉండదు. చాలాచోట్ల అది గుత్తేదారు ద్వారా చదరపు అడుగు లెక్కన వస్తుంది కనుక, బొమ్మ వేసినవాడి చేతికి చివరికి అందేది తక్కువే. రీల్స్‌లో పూర్తయిన గోడ మాత్రమే కనబడుతుంది. పెచ్చులూడిన సున్నం గీకడం, చెమ్మ ఆరేదాకా ఆగడం, ప్రైమర్ పట్టించడం, కాగితం మీది బొమ్మను గళ్లు గీసి గోడకు పెంచడం, మన ఎండలో పరంజా మీద గంటల తరబడి నిలబడటం కనబడవు. అడుగున పని సరిగ్గా చేయకపోతే రెండు వానాకాలాలకే రంగు పొరలుగా రాలిపోతుంది.

ఇక మీరు సురక్షితమనుకుంటున్న యానిమేషన్ విషయంలో నా అనుమానం మరింత ఎక్కువ. ఎన్‌ఐడీ (జాతీయ డిజైన్ సంస్థ) వంటి చోట సీటు వస్తే సంతోషంగా పంపండి. కానీ లక్షల రుసుము తీసుకుని సాఫ్ట్‌వేర్ నేర్పడంతో సరిపెట్టే కళాశాలలు చాలా ఉన్నాయి. ఉద్యోగమిచ్చేవారు పట్టాకన్నా ముందు అభ్యర్థి గీసినవి చూస్తారు. చేతిలో గీత లేనివాడిని ఆ సాఫ్ట్‌వేర్ ఎంతో దూరం తీసుకుపోదు. ఆ గీతను నాలుగేళ్లపాటు ఓపికగా నేర్పేది బీఎఫ్‌ఏ. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, కడపలో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఉన్నాయి. దూరం పంపగలిగితే భిత్తిచిత్రాలకు పేరుపడ్డ శాంతినికేతన్ కళాభవన్ ఉంది. చదువయ్యాక చిత్రలేఖనం ఉపాధ్యాయుడిగా, సినిమా సెట్లలో, పుస్తకాల బొమ్మల్లో కూడా దారులున్నాయి. తొలి ఏళ్లలో ఆదాయం ఒక నెల ఉన్నట్టు మరో నెల ఉండదు, దానికి మీరు సిద్ధపడాలి.

ఒక మాట కటువుగానే చెబుతాను. ‘రంగులు వేసుకుని’ అని నాకు రాసిన మీరు ఆ మాట పిల్లవాడి ముందు కూడా అని ఉంటారు. దయచేసి మళ్లీ అనకండి. లేపాక్షి వీరభద్రాలయం కప్పు మీది 16వ శతాబ్దపు చిత్రాలకు చేతులు జోడించే మనం, ఇంట్లో బిడ్డ ఆ విద్యే నేర్చుకుంటానంటే తల దించుకోవడం న్యాయం కాదు.

పరీక్షలు కాగానే, గోడల మీద పనిచేసే అనుభవజ్ఞుడైన చిత్రకారుడి దగ్గర అతణ్ని ఒక నెల సహాయకుడిగా పెట్టండి. కుంచెలు కడిగి, గోడ గీకి, ఎండలో నిలబడి వచ్చాక కూడా అదే కావాలంటే బీఎఫ్‌ఏకు దరఖాస్తు చేయించండి. వద్దంటే మీకు పోయేదేమీ లేదు. ఆ నెలలో కొన్ని రోజులైనా మధ్యాహ్నం క్యారియర్ మీరే పట్టుకెళ్లి, కాసేపు అక్కడే నిలబడి మీ అబ్బాయి చేసే పని చూడండి.