పాట రాసే తమ్ముడికి

ప్రియమైన తమ్ముడికి,

ప్రభువు నామంలో వందనాలు. నువ్వు పంపిన పాట చదివాను, ట్రాక్ కూడా విన్నాను. "పాడుతుంటే అందరికీ ఒళ్లు గగుర్పొడిచింది, పరిశుద్ధాత్ముడు దిగివచ్చాడు" అని రాశావు. ముందు ఆ మాట సంగతి చూద్దాం.

గగుర్పాటు సంగీతం చేసే పని. 2011లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, ఇష్టమైన సంగీతం వింటూ పులకించినప్పుడు మెదడులో డోపమైన్ అనే రసాయనం విడుదలవుతుందని చూపించారు. ఆ ఘట్టం రాకముందే, దానికోసం ఎదురుచూస్తున్నప్పుడే అది మొదలవుతుందట. వాళ్లు వినిపించింది మాటల్లేని వాద్య సంగీతం. నీ ట్రాక్‌లో చివరి పల్లవికి ముందు డ్రమ్స్ ఆపేసి, కీబోర్డు ప్యాడ్ (సన్నగా సాగే నేపథ్య ధ్వని) ఒక్కటే ఉంచి, ఆ తర్వాత శ్రుతి పెంచారు. అక్కడ ఏ మాట పెట్టినా రోమాలు లేస్తాయి.

దేవుడు సంగీతాన్ని వాడుకోడని కాదు. వాద్యగాడు వాయిస్తుండగానే ఎలీషా మీదికి యెహోవా హస్తం వచ్చింది (2 రాజులు 3:15). దావీదు వాయిస్తే సౌలు సేదదీరాడు (1 సమూయేలు 16:23). అదే దావీదు అలాగే వాయిస్తుంటే, రెండు అధ్యాయాల తర్వాత అదే సౌలు ఈటె విసిరాడు. వాయిద్యం మనసును మెత్తబరుస్తుంది, మార్చడం దాని చేతిలో లేదు. పాడిన విషయం కన్నా గాత్రమే తనను ఎక్కువ కదిలిస్తే అది పాపమేనని ఒప్పుకున్న అగస్టీను అనే తొలినాటి సంఘ పెద్ద కూడా, సంఘంలో పాట మానేయమని మాత్రం అనలేదు.

మెత్తబడ్డ మనసులోకి ఏ మాట పంపుతున్నావన్నదే రచయితగా నీ బాధ్యత. పదేపదే విన్న మాట నిజమనిపిస్తుంది, అది అబద్ధమైనా సరే. నీ పల్లవిలో "కష్టాలన్నీ ఈ ఏడే తీరునులే" అని ఉంది. ఒక్కో ఆరాధనలో దాన్ని పదిసార్లు పాడిస్తారు. ఏడాది తిరిగినా అప్పు తీరని అమ్మ దేవుడిదే తప్పనుకుంటుంది, లేదా తన విశ్వాసమే తక్కువనుకుంటుంది. ఆ వాగ్దానం లేఖనంలో ఎక్కడుందో చూపించలేకపోతే కొట్టెయ్.

రెండో చరణంలో "నీ చూపు తాకి కరిగాను నేను" అన్నావు. బాగుంది, కానీ సినిమా హీరో పాడినా సరిపోతుంది. వినేవాడికి ఉద్వేగం మిగులుతుంది, యేసు ఎవరో మిగలదు. దాని బదులు "మరియను పేరున పిలిచిన స్వరమా" అని చూడు, తిరిగి లేచిన యేసు మగ్దలేనే మరియను పేరుపెట్టి పిలిచిన యోహాను 20లోని తోట కళ్లముందుకొస్తుంది. రెండింటికీ పదహారు మాత్రలే (హ్రస్వానికి ఒకటి, దీర్ఘానికి రెండు), ఎనిమిది దెబ్బల ఆదితాళంలో ఒక ఆవర్తనానికి, అంటే ఒక చుట్టుకి, దెబ్బకు రెండు చొప్పున సరిపోతాయి. మాత్రలు విడే నడక మాత్రం 5-3 పోయి 4-4 అయింది, బాణీ కొంచెం సర్దాలి. "మరియ"లో "రి" మీద స్వరం సాగదీస్తే "మరీయ" అయి కూర్చుంటుంది. సాగదీత "స్వరమా" చివరి దీర్ఘం కోసం దాచుకో.

బాణీ పరిధి ఒక స్థాయి (స నుంచి పై స దాకా), దానిపైన ఒకటి రెండు స్వరాలు, అంతే. అది దాటితే సంఘం నోరు మూసుకుని స్టేజీ వైపు చూస్తుంది, ఆరాధన కాస్తా కచేరీ అవుతుంది. పాదం ఒక్క ఊపిరిలో రావాలి, లేకపోతే ముసలివాళ్లు మాట మధ్యలో తెంపుతారు. వేగం కూడా చూసుకో. లయ పెరిగితే వినేవాళ్ల ఊపిరి, గుండె కూడా కొంత వేగమవుతాయి. నిమిషానికి 120 దెబ్బల మీద పశ్చాత్తాప గీతం పెడితే చప్పట్లు పడతాయి, మోకాళ్లు వంగవు. సిలువ చరణానికి 70 దగ్గర ఉంచు, చరణానికీ పల్లవికీ మధ్య ఒక ఆవర్తనం ఖాళీ వదులు. కీబోర్డు వాయించే తమ్ముళ్లకు ఆ ఖాళీ అస్సలు నచ్చదు, నింపేస్తారు. నింపొద్దని కాగితం మీదే రాసివ్వు.

ఆత్మతోనూ పాడతాను, మనస్సుతోనూ పాడతాను అన్నాడు పౌలు (1 కొరింథీ 14:15). రెండోదానికి ఒక పరీక్ష ఉంది. ట్రాక్ ఆపేసి, చప్పట్లు కూడా లేకుండా, సండే స్కూలు పిల్లలకు పాట నేర్పు. వారం తర్వాత బాణీ లేకుండా అర్థం చెప్పమను. "లాలలా" తప్ప ఏమీ చెప్పలేకపోతే లోపం పిల్లల్లో లేదు.

మూడో చరణం తీసెయ్. అది మొదటి చరణమే, మాటలు మార్చి మళ్లీ రాశావు.

నీ అన్న