రింగు పళ్లు అరిగితే వెల్డింగా, కొత్త రింగా?

ప్రశ్న: మాది పాత మాస్సీ ఫెర్గూసన్ 1035 ట్రాక్టరు. సెల్ఫ్ కొడితే ఒక్కోసారి గరగరమంటుంది, ఒక్కోసారి మోటారు ఒక్కటే గిర్రున తిరుగుతుంది, ఇంజను కదలదు. టాప్ గేరులో వేసి కాస్త నెట్టి మళ్లీ కొడితే స్టార్ట్ అవుతుంది. సెల్ఫ్ మోటారు బాగుచేయించినా అంతే. ఫ్లైవీల్ (ఇంజను వెనకుండే బరువైన చక్రం) అంచు చుట్టూ ఉండే రింగు పళ్లు పోయాయి, వెల్డింగ్ పెట్టి సానపడదామని మెకానిక్ అంటున్నాడు. చేయించమంటారా?
– ఒక రైతు, సూర్యాపేట జిల్లా

జవాబు: వద్దండీ. మీ మెకానిక్ రోగం సరిగ్గానే పట్టుకున్నాడు, మందే బాగోలేదు. ఇంజను ఆపినప్పుడు కంప్రెషన్ (సిలిండర్‌లో నొక్కుకున్న గాలి ఒత్తిడి) అడ్డుపడి దాదాపు ప్రతిసారీ అవే చోట్ల ఆగుతుంది. మీది మూడు సిలిండర్ల బండి కాబట్టి అలాంటి చోట్లు మూడు, సెల్ఫ్ మోటారు చివరనుండే చిన్న పళ్ల చక్రం, అదే పినియన్, వచ్చి ఎప్పుడూ అక్కడి పళ్లనే కొడుతుంది. నెడితే మంచి పళ్లు ముందుకొస్తాయి, అందుకే అప్పుడు అందుకుంటోంది. వెల్డింగ్ వేడికి పక్క పళ్ల గట్టిదనం కూడా పోతుంది, పైగా చేత్తో సానపట్టిన పన్నుకు అసలు ఆకారం ఎక్కడొస్తుంది?

కొత్త రింగే వేయించండి. రింగు ఖరీదు కంటే పని పెద్దది, ఎందుకంటే ఇంజనును, గేర్‌బాక్సును విడదీసి క్లచ్ తీస్తే గానీ ఫ్లైవీల్ బయటికి రాదు. ముందు బ్యాటరీ వైర్లు తీసేయండి. ముందు చక్రాల యాక్సిల్ మధ్యలో పిన్ను మీద ఊగుతుంది కదా, దానికి రెండు పక్కలా సందులో చెక్క ముక్కలు బిగించకపోతే విడదీయగానే ఇంజను ఓ పక్కకి ఒరిగిపోతుంది, ప్రాణాల మీదకు వచ్చేది ఇక్కడే.

పాత రింగుకు రెండు పళ్ల మధ్య డ్రిల్ పెట్టి (ఫ్లైవీల్‌కు తగలకుండా), అక్కడ ఉలితో ఒక్క దెబ్బ కొడితే చీలిపోతుంది. కళ్లద్దాలు పెట్టుకోండి, ముక్కలు ఎగురుతాయి. తీయకముందే ఫోన్‌లో ఫొటో తీసుకోండి, పళ్ల అంచు ఏటవాలుగా ఉన్న వైపు పినియన్ వచ్చే దిక్కుకే ఉండాలి. తిరగేసి ఎక్కిస్తే మళ్లీ మొదటికొస్తుంది.

కొత్త రింగు చల్లగా ఉంటే ఎక్కదు, వేడి చేసి జారవిడవాలి. 350 మిల్లీమీటర్ల రింగు 200 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.8 మిల్లీమీటరు పెద్దదవుతుంది, అది చాలు. ఓవెన్ దొరికితే 220, 230 డిగ్రీల దగ్గర పెట్టండి. గ్యాస్ మంటతో అయితే ఒకచోట నిలపకుండా చుట్టూ తిప్పుతూ ఉండాలి, గరుకు కాగితంతో మెరిసేలా రుద్దిన చోట లేత గడ్డి రంగు రాగానే ఆపేయాలి. నీలం తిరిగిందంటే పళ్లు మెత్తబడ్డట్టే, ఆ రింగు వేయొద్దు. ఇంజనాయిలు మరిగించి అందులో ముంచే అలవాటు కొన్ని షాపుల్లో ఉంది, ఆ వేడికి ఆయిలే అంటుకోగలదు. కూర్చోబెట్టాక చుట్టూ తట్టి సందు లేదని చూసుకుని దానంతటదే చల్లారనివ్వండి, నీళ్లు పోయొద్దు.

ఎలాగూ బండి విడదీస్తున్నారు కాబట్టి క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగు, వెనక ఆయిల్ సీలు చూడకుండా మూసేయకండి. సెల్ఫ్ బాగుచేయించామన్నారు, అప్పుడు పినియన్ మార్చారా? పాతదే ఉంటే కొత్త పళ్లను అదే తినేస్తుంది. సెల్ఫ్ మోటారు బోల్టులు వదులుగా ఉన్నా అంతే.