ఉట్టి అల్లబోయే మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మేనత్త ఆశీస్సులు.

తాళ్ళను ముడులు వేస్తూ అల్లే మాక్రమే పని నేర్చుకొని బాల్కనీలోని మనీప్లాంటు కుండీకి ఉట్టి అల్లాలనుకుంటున్నావని, తాడు ఎంత కొనాలో అడిగితే ఒకరు నాలుగింతలని, మరొకరు ఎనిమిదింతలని చెప్పారని రాశావు. ఇద్దరూ చెప్పింది ఒకే లెక్క. అల్లిక పొడవుకు ప్రతి పోగూ నాలుగింతలు ఉండాలన్నది ఒకరి మాట. తాడును సగానికి మడిచి రింగుకు తగిలిస్తాం కనుక కత్తిరించే తాడు ఎనిమిదింతలు ఉండాలన్నది రెండోవారి మాట. అయితే నీ ఉట్టికి ఆ లెక్క సరిపోదు. ఎందుకో తెలియాలంటే ముందు ముడులు చేతికి రావాలి.

సాధనకు 3 మిల్లీమీటర్ల నూలు తాడు, అందులోనూ ముప్పేట తాడు తీసుకో. ఒంటిపేట తాడు చూడటానికి మెత్తగా, అందంగా ఉంటుంది గానీ రెండు మూడుసార్లు ముడి విప్పేసరికి పురి విడిపోతుంది. నేర్చుకొనేవాళ్ళు విప్పకుండా ఎలా ఉంటారు? నైలాను తాడు నీటికి తట్టుకుంటుంది కానీ కొత్త చేతికి జారిపోతుంది.

మొదటిది తగిలించే ముడి. మడిచిన తాడు మెడను రింగు వెనక నుంచి దించి, రెండు కొసలనూ అందులోంచి లాగితే చాలు. ఇలా రెండు తాళ్ళు తగిలిస్తే నాలుగు పోగులు వస్తాయి. మధ్యవి రెండూ నడిమి పోగులు, అటూ ఇటూ ఉన్నవి అల్లే పోగులు. ఇక స్క్వేర్ నాట్‌కు ఎడమ పోగును నడిమి పోగుల ముందు నుంచి కుడికి తెచ్చి, కుడి పోగును దాని మీదుగా దించి, నడిమి పోగుల వెనకగా తీసుకెళ్ళి, ఎడమవైపు ఏర్పడిన సందులోంచి పైకి లాగాలి. ఇది సగం ముడి. మిగతా సగానికి ఇదే పనిని కుడివైపు నుంచి చేయాలి. ఇప్పుడు ఏ వైపు మొదలుపెట్టాలన్న సందేహం అందరికీ వస్తుంది. ముందు నుంచి వెళ్ళిన పోగు ఎప్పటికీ ముందు నుంచే వెళ్తుందని గుర్తుపెట్టుకుంటే ఆ సందేహం ఉండదు. ప్రతిసారీ ఎడమ నుంచే వేస్తూ పోతే అల్లిక మెలితిరుగుతుంది. కావాలని వేస్తే అదీ ఒక అందమే.

వాలు గీతలకు, అడ్డ గీతలకు వాడే డబుల్ హాఫ్ హిచ్ అనే ముడిని ఈ ఉట్టి అయ్యాక నేర్చుకుందువు గాని. దానికి ఆధారపు తాడును ఒక చేత్తో బిగువుగా పట్టుకోవడమే సగం పని.

ఇప్పుడు తాడు లెక్క. దగ్గర దగ్గరగా స్క్వేర్ నాట్లు వేసినప్పుడు నడిమి పోగు అల్లినంత మేరే ఖర్చవుతుంది. అల్లే పోగు దాదాపు అయిదింతలు పడుతుంది. చేతి బిగువును బట్టి ఇది మారుతుంది కనుక నీ లెక్క నువ్వే కట్టుకోవాలి. ఒక మీటరు అల్లే పోగులతో 10 సెంటీమీటర్ల పట్టీ అల్లి, మిగిలిన పోగును కొలువు. 52 సెంటీమీటర్లు మిగిలితే 48 ఖర్చయినట్టు, అంటే 4.8 ఇంతలు. ఉట్టికి కొనే తాడుతోనే ఈ నమూనా వేయి. ముడుల సంఖ్య మారకుండా 3 మిల్లీమీటర్ల నుంచి 5 మిల్లీమీటర్ల తాడుకు మారితే ఒక్కొక్క ముడీ ఎక్కువ తాడు తింటుంది.

నీ ఉట్టికి నాలుగు చేతులు, అంటే రింగు నుంచి కుండీ దాకా దిగే నాలుగు అల్లికలు, చేతికి నాలుగు పోగులు, అంటే ఎనిమిది తాళ్ళు కావాలి. ఒక్కో చేతిలో 30 సెంటీమీటర్ల పట్టీ అల్లితే అల్లే పోగుకు 150, ముడులు లేని ఖాళీలకు 45, పక్క చేతులతో కలిపే ముడులకు 15, కింది కుచ్చుకు 25, మొత్తం 235 సెంటీమీటర్లు అవుతుంది. నడిమి పోగుకు పట్టీకి 30, ఖాళీలకు 45, కుచ్చుకు 25, కలిపే ముడులకు కాస్త, సుమారు 105 చాలు. రెండూ కలిపి 340. పదో వంతు అదనంగా వేసుకుంటే తాడు ఒక్కటికి 3.75 మీటర్లు, ఎనిమిదింటికి 30 మీటర్లు. కింద పోగులన్నిటినీ కలిపి చుట్టి కట్టే చుట్టు ముడికి మరో మీటరు విడిగా ఉంచుకో. తగిలించేటప్పుడు సగానికి మడవకుండా ఒక కొస 2.6 మీటర్లు, రెండోది 1.15 మీటర్లు ఉండేలా మడిచి, పొట్టి కొసలను లోపలికి, పొడవాటివి బయటికి పెట్టు. ఇదే తాడును సమానంగా మడిస్తే పట్టీ అయి, కుండీ కూర్చునే వల అల్లే వేళకు అల్లే పోగులు చాలవు, నడిమి పోగులు మాత్రం వృథాగా వేలాడతాయి. వరస వరసకూ పోగుల స్థానం మారుతూ పోయే గోడ తెరల్లో ఖర్చు అన్నిటికీ పంచుకుపోతుంది కనుక అక్కడ సమంగా మడవవచ్చు.

ఒకవేళ మధ్యలో పోగు తక్కువ పడినా కంగారుపడకు. నడిమి పోగులను బయటికి తెచ్చి, పొట్టిబడిన వాటిని లోపలికి పంపి అల్లిక సాగించు. మార్చిన చోట కాస్త తేడా కనబడుతుంది. నాలుగు చేతుల్లోనూ ఒకే ఎత్తులో మార్చితే చూసేవాళ్ళకు అదీ అల్లికలో భాగమే అనిపిస్తుంది.

తాడు కొనేముందు మట్టి నింపిన కుండీ చుట్టుకొలత, ఎత్తు కొలిచి నాకు రాయి. ఖాళీలకు నేను వేసిన 45 సెంటీమీటర్లు మామూలు చిన్న కుండీకి సరిపోతాయి. నీది పెద్దదైతే ఆ ఒక్క అంకె మార్చాలి.

ఇట్లు,
మీ మేనత్త