నీళ్లు తాగుతున్న ఎలీజ్

ప్రశ్న: ఇంగ్లండులో ఉన్న మా బావగారి 1998 నాటి లోటస్ ఎలీజ్ కారులో కూలెంట్ (ఇంజనును చల్లబరిచే నీరు) తరచూ తగ్గిపోతోందట. బరంపురంలో మెకానిక్ షెడ్డు నడుపుతున్నానని నన్ను అడిగారు. ఏమి చెప్పమంటారు?

జవాబు: మొదటి తరం ఎలీజ్ సుమారు 725 కిలోలే తూగడానికి జిగురుతో అతికించిన అల్యూమినియం ఛాసిస్ ముఖ్య కారణం. ఇంజను సీట్ల వెనుక, రేడియేటరు కారు ముందు భాగంలో ఉండడం వల్ల నీరు పొడవాటి గొట్టాల గుండా తిరుగుతుంది. వాటిలో గాలి చిక్కితే మీటరు చూపే వేడిని నమ్మరాదు. ఇక ఆ రోవర్ కె-సిరీస్ ఇంజనుకు హెడ్ గాస్కెట్ (ఇంజను బ్లాకుకూ దాని పైనుండే హెడ్‌కూ మధ్య బిగించే సీలు) పోవడం పేరుమోసిన జబ్బే. ఆయిల్ మూత లోపల మీగడలాంటి జిడ్డు కనిపిస్తే అనుమానించవలసిందే గాని, చలిదేశంలో చిన్న చిన్న ప్రయాణాల వల్ల కూడా అది పేరుకుంటుంది కనుక, కూలెంట్ వ్యవస్థలో ఒత్తిడి పెట్టి లీకు చూసే ప్రెషర్ పరీక్ష చేయించిన తరువాతే హెడ్ విప్పించమనండి. వేడిమీద కూలెంట్ మూత తీయకూడదని మీకు చెప్పనక్కరలేదు, బావగారికి చెప్పండి.