బొమ్మ చూసి కొన్నా, ఓడిపోతున్నా: కార్డుల ఆట మీద మీ ప్రశ్నలు

ఈసారి వచ్చినవాటిలో సగానికి పైగా మ్యాజిక్: ది గ్యాదరింగ్ ఎక్స్‌పాన్షన్ సెట్ల (ఒక్కో థీమ్‌తో ఆ ఆటకి కొత్తగా వచ్చే కార్డుల) గురించే. అందుకే మిగతా ఆటల ప్రశ్నలు వచ్చే సంచికకి పెట్టేశా, అలగకండి.

ప్రశ్న: అక్కా, కలాదేశ్ సెట్‌లో ఆ ఇత్తడి యంత్రాలు, ఎగిరే బళ్లు చూసి మనసు పారేసుకున్నా. దొరికిన మంచి కార్డులన్నీ నా పాత డెక్‌లో కలిపేశా. చూడ్డానికి అదిరిపోయింది గానీ వరసగా ఓడిపోతున్నా. థీమ్ అంటే ఉత్త బొమ్మలేనా?

జవాబు: ఉత్త బొమ్మలు కాదు తమ్ముడూ, కరెంటు లేని గదిలో ఫ్యాను బిగించావంతే. నువ్వు రాసిన లిస్టు చూశా, 60 కార్డుల్లో ఎనర్జీ అనే మాట ఉన్నవి ఐదంటే ఐదు. 2016లో వచ్చిన ఆ సెట్‌లో ఎనర్జీ అంటే నీ దగ్గర పోగయ్యే కౌంటర్లు (లెక్కకి పెట్టుకునే బిళ్లలు), మానా (ల్యాండ్ కార్డులిచ్చే, మిగతా కార్డులు వేయడానికి కట్టే శక్తి) లాగా అప్పటికప్పుడు వాడకపోతే పోయేవి కావు, ఎన్ని టర్నులైనా నీతోనే ఉంటాయి, కొన్ని కార్డులు ఇస్తాయి, ఇంకొన్ని వాటిని ఖర్చుపెట్టించుకుని పనిచేస్తాయి. ఇచ్చేవీ తినేవీ రెండూ డెక్ నిండా ఉంటేనే ఆ బండి కదులుతుంది. అట్యూన్ విత్ ఈథర్ అని ఒక కామన్ కార్డుంది, ఒక్క మానా కట్టి డెక్‌లోంచి ఒక బేసిక్ ల్యాండ్ వెతుక్కుని చేతిలోకి తెచ్చుకుంటావు, రెండు ఎనర్జీ వస్తుంది. అంతే, బొమ్మ కూడా పెద్ద గొప్పగా ఏం ఉండదు (నా అభిప్రాయం, తిట్టుకోకండి). కానీ ఎనర్జీ డెక్కులు ఎంత రెచ్చిపోయాయంటే 2018 జనవరిలో స్టాండర్డ్ ఫార్మాట్‌లో (ఇటీవలి సెట్ల కార్డులతో మాత్రమే ఆడే పోటీ పద్ధతి) ఈ బక్క కార్డుని కూడా బ్యాన్ చేశారు. ఆ రెండు ఎనర్జీ వాడుకోడానికి పక్కన ఇంకేమీ లేని నీ డెక్‌లో అది ల్యాండ్ వెతికిపెట్టే కార్డు మాత్రమే.

అలాగని అదే సెట్‌లో అన్నీ ఇలాంటివే కావు. స్మగ్లర్స్ కాప్టర్ చూడు. రెండు మానా, ఏ రంగైనా సరే, 3/3 (పవర్ అంటే కొట్టే దెబ్బ 3, తట్టుకునేది 3), ఎగురుతుంది, కాకపోతే అది వెహికల్ కాబట్టి ఎవరో ఒకరు ఎక్కి నడపాలి, అంటే కనీసం 1 పవర్ ఉన్న నీ క్రీచర్‌ని (పోరాడే జీవి కార్డుని) ట్యాప్ చేయాలి, అంటే అడ్డంగా తిప్పాలి. దానికి చుట్టాలెవరూ అక్కర్లేదు, క్రీచర్లున్న ఏ డెక్‌లో పడేసినా పనిచేస్తుంది, అందుకే 2017 జనవరిలో దాన్నీ స్టాండర్డ్‌లో బ్యాన్ చేశారు. కార్డు చేతిలోకి తీసుకున్నప్పుడు బొమ్మ చూసుకో, మురిసిపో, ఆ తర్వాత ఇది ఒంటరిగా వస్తే పనిచేస్తుందా లేక బంధుబలగం అంతా రావాలా అని అడుగు. బలగం కావాలంటే ఐదు కాదు, ఇరవై పెట్టు. లేదా అసలు పెట్టకు. నేనూ మొదట్లో ఇలాగే ప్రతి సెట్ నుంచీ రెండేసి ముద్దొచ్చినవి ఏరి డెక్ కట్టేదాన్ని, గెలిచిన ఆట ఒక్కటి గుర్తులేదు.

ప్రశ్న: మేడమ్, నా డెక్‌లో ఇన్నిస్ట్రాడ్ తోడేళ్లున్నాయి, రెండు వైపులా బొమ్మ ఉండే కార్డులు. అవి డెక్ పైకొస్తే ఇద్దరికీ తెలిసిపోతోంది, ఇది చీటింగ్ అని మా అన్నయ్య ఆటే మానేశాడు.

జవాబు: అన్నయ్య పాయింట్ కరెక్టే, కోపం తగ్గించుకోమనండి. వెనక వైపు కనపడని స్లీవ్స్‌లో (కార్డు తొడుగుల్లో) డెక్ మొత్తం పెట్టండి, గొడవ ఉండదు. స్లీవ్స్ లేకపోతే ఆ కార్డు బదులు డెక్‌లో పెట్టుకోడానికి మామూలు వెనక భాగం ఉన్న చెక్‌లిస్ట్ కార్డు ఆ సెట్ ప్యాకెట్లలోనే వచ్చేది. అసలు ఈ వెనక భాగం తగాదా ఆట పుట్టినప్పటిదే. 1993 డిసెంబరులో మొట్టమొదటి ఎక్స్‌పాన్షన్ అరేబియన్ నైట్స్ వచ్చినప్పుడు దానికి వెనక వేరే రంగు వేద్దామనుకున్నారు, కానీ అలా చేస్తే కలిపి ఆడటం కష్టం అని చివర్లో మానేసి, ఏ సెట్టో తెలియడానికి ముందు వైపు చిన్న వంకర కత్తి గుర్తు వేశారు. ఈ రోజుకీ ప్రతి సెట్‌కీ ఉండే గుర్తు అలా వచ్చిందే. మరి 2011లో ఇన్నిస్ట్రాడ్ వాళ్లు అంత జాగ్రత్తని పక్కన పెట్టి ఎందుకు రెండు ముఖాలేశారంటే, తోడేలు కోసం. ఒక టర్నులో ఎవరూ ఒక్క స్పెల్ (ల్యాండ్ కాకుండా ఆడే కార్డు) కూడా వేయకపోతే తర్వాతి అప్‌కీప్‌లో (టర్ను మొదట్లో) పల్లెటూరి మనిషి తోడేలవుతాడు, ఎవరైనా ఒకే టర్నులో రెండు స్పెల్స్ వేస్తే మళ్లీ మనిషి. ల్యాండ్ పెట్టడం స్పెల్ కింద లెక్క కాదు, ఇది చాలామంది మర్చిపోతారు. చేతిలో దాచుకున్న కార్డుని అనవసరంగా అయినా సరే వేసేయాలా, లేక రాత్రి పడనివ్వాలా అని ఎదుటివాడు గింజుకుంటాడు చూడండి, ఊరంతా తలుపులేసుకున్న భయం అక్కడుంటుంది, బొమ్మలో కాదు. థీమ్ సెట్ అంటే నాకు ఇదే.

ప్రశ్న: సెట్ గుర్తు కొన్నిటికి నలుపు, కొన్నిటికి బంగారు రంగు. నకిలీవా?

జవాబు: కాదండీ. నలుపు కామన్, వెండి అన్‌కామన్, బంగారం రేర్, ఎర్రటి నారింజ అయితే మిథిక్ రేర్. 1998లో ఎక్సోడస్ నుంచి రంగులు మొదలయ్యాయి, మిథిక్ 2008లో షార్డ్స్ ఆఫ్ అలారాతో వచ్చింది. అంతకంటే పాత సెట్లలో రేర్ అయినా గుర్తు నల్లగానే ఉంటుంది, కాబట్టి పాత కార్డులు నలుపే కదా అని ఎవరికీ ఊరికే ఇచ్చేయకండి.

ప్రశ్న: నచ్చిన థీమ్ దొరికింది. బూస్టర్ ప్యాకెట్లు కొంటూ పోనా, కావాల్సిన కార్డులు విడిగా కొననా?

జవాబు: డెక్ కట్టడానికైతే విడిగానే. ప్యాకెట్‌లో ఏముందో తెలియదు, ఒకే కార్డు నాలుగు కాపీలు కావాలంటే ఎన్ని చింపాలో ఎవరు చెప్తారు. ప్యాకెట్లు కొనాలనిపిస్తే మాత్రం స్నేహితుల్ని పోగేసి డ్రాఫ్ట్ ఆడండి, తలా మూడు ప్యాకెట్లు, ఒక కార్డు తీసుకుని మిగతావి పక్కవాళ్లకి అందించడం, చివర్లో 40 కార్డుల డెక్, అందులో 17 దాకా ల్యాండ్స్. ఆ ఒక్క సాయంత్రంలో సెట్ మొత్తం అర్థమైపోతుంది, ఏ నాలుగు కార్డులు విడిగా కొనాలో అప్పుడు మీకే తెలుస్తుంది.